ఆకుపచ్చ పొట్లం కింద

తూ చెంగ్‌యీ మీద యున్‌చింగ్‌కి అనుమానం పుట్టింది మార్చి ఆరో తారీకున. జూన్ నెల వచ్చేసరికి అది అనుమానంగా మిగల్లేదు, రెండో ఉద్యోగమైపోయింది. మొదటి ఉద్యోగం తైనాన్‌లో ఒక ఆస్పత్రి నాలుగో అంతస్తు ల్యాబ్‌లో క్లోమం గడ్డల మీద పరిశోధన. దానికి జీతం వస్తుంది. రెండోది చెంగ్‌యీని కనిపెట్టుకుని ఉండడం. దానికి జీతం లేదు గాని, నిజం చెప్పాలంటే ఈ మధ్య ఆమె శ్రద్ధంతా దాని మీదే. అందుకోసం నల్ల అట్ట నోటుబుక్కు కూడా ఒకటి పెట్టింది.

ఏడేళ్ళ పని ఆమెది. క్లోమంలో పుట్టే గడ్డ మహా జిత్తులమారిది. ఒంట్లో కణాలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి వాసనలాంటి పదార్థాలు వదులుతాయి. వాటినే కీమోకైన్లంటారు. ఆ వాసన ఎటు చిక్కగా ఉంటే కణం అటు నడుస్తుంది. ఈ గడ్డ చుట్టూ పీచుకణాలు కంచెలా పెరిగి, పన్నెండో నంబరు కీమోకైన్‌ని కుమ్మరిస్తూ ఉంటాయి. గడ్డని చంపడానికని బయల్దేరిన టీ కణాలు, అంటే ఒంటికి కాపలా కాసే కణాలు, ఆ వాసన పట్టుకుని కంచె దాకా వచ్చి, అక్కడే నిలబడిపోతాయి. విందుకని బయల్దేరినవాళ్ళు సందు మొదట్లో నూడుల్స్ బండి దగ్గరే ఆగిపోయినట్టు. లోపల గడ్డ హాయిగా పెరుగుతూ ఉంటుంది.

ల్యాబ్‌లో అందరూ దాన్ని వట్టి 'పన్నెండు' అంటారు. టీ కణాలకి పన్నెండు వాసన తెలియకుండా చేసే మందొకటి యున్‌చింగ్ చేతిలో ఉంది. ఆ వాసన తగలకపోతే అవి కంచె దగ్గర ఆగకుండా లోపలికి పోతాయని ఆమె నమ్మకం. నమ్మకం ఒక్కటే చాలదు గదా, చూపించాలి. ముందుగా చూపించాల్సింది మందు ఆ వాసనని నిజంగా అడ్డుకుంటుందని. అందుకు రెండంతస్తుల గుంటలున్న ప్లేటు వాడతారు. మధ్యలో జల్లెడ. పై అంతస్తులో టీ కణాలు, కింద పన్నెండు. ఇంక్యుబేటర్ వెచ్చదనంలో రెండు గంటలు కదలకుండా పెడితే కణాలు జల్లెడ దాటి కిందికి దిగాలి. మందు కలిపిన గుంటల్లో దిగకూడదు. ప్లేటు కదిలిందంటే కింది వాసన పైకి కలిసిపోయి కణాలకి దిక్కు తెలియదు. ఫిబ్రవరి దాకా దిగవలసినవి దిగాయి, ఆగవలసినవి ఆగాయి. మార్చి ఆరు నుంచి అంతా తలకిందులు. మందున్నా లేకపోయినా ఒకటే, కొన్ని పైన, కొన్ని కింద. ఇలా వరసగా పదిసార్లు.

"జూన్ ఇరవై, శుక్రవారం మీటింగులో తేల్చేద్దాం," అంది వెంగ్ మేడం. ఆ ల్యాబ్‌కి పెద్ద ఆవిడే. "అప్పటికీ ఒక్కసారి సరిగ్గా రాకపోతే ఈ పని ఆపేద్దాం. నీ తప్పని కాదు యున్‌చింగ్. ఆపడం కూడా తెలియాలి."

ఆపడమంటే మాటలా? కోసి తీసిన గడ్డ ముక్కల్ని ఆపరేషన్ థియేటర్ నుంచి ఐసు పెట్టెలో మోసుకొచ్చేది యున్‌చింగే. వాటికి పేర్లుండవు, నంబర్లే. కానీ ఆ తలుపు బయట బెంచీ మీద కళ్ళు పచ్చబడి కూర్చున్నవాళ్ళని ఏడేళ్ళుగా చూస్తోంది. వాళ్ళలో చాలామంది మరుసటి ఏడు కనిపించరు. అందుకని తన ప్రయోగం చెడగొడుతున్న దొంగని శుక్రవారం లోగా పట్టుకోవాలనుకుంది.

దొంగ ఎవరన్నది ఆమెకి కొత్తగా వెతుక్కోవలసిన సంగతి కాదు. చెంగ్‌యీ తైపేయిలో ఇదే పన్నెండు మీద పనిచేసే మరో ల్యాబ్ నుంచి మార్చి మూడున వచ్చి చేరాడు. వచ్చిన వారంలోనే ప్రయోగం చెడింది. ఇంకేం కావాలి? మొదటి మూడు రోజులూ గలగలా మాట్లాడాడు. "అక్కా, మీ తైనాన్‌లో చేపల నూడుల్స్‌లో కూడా పంచదారేనా? ఉప్పు దొరకదా ఈ ఊళ్ళో?" అని వేళాకోళమాడాడు. "ఉప్పంతా తైపేయి వాళ్ళ నోట్లోనే ఉంది, మాకు మిగల్లేదు," అని ఆమె కూడా నవ్వింది. ఆరో తారీకు సాయంత్రం నుంచి మాత్రం నోరు కట్టేసినట్టయిపోయాడు. ఎదురుపడితే తల దించుకోవడం, ఆమె ఇంక్యుబేటర్ మాటెత్తితే మెడ రుద్దుకోవడం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉండేది.

ఆపైన మెట్ల మలుపు దగ్గర ఒకరోజు వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నది. "లేదమ్మా, ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే భయంగా ఉంది." ఈ ముక్క నోటుబుక్కులో తారీకుతో సహా ఎక్కింది. కింద రెండు గీతలు కూడా పడ్డాయి.

చెప్పొద్దూ, తైనాన్‌లో దారినపోయేవాణ్ణి కూడా "తిన్నావా?" అని అడుగుతారు. ఆ మాట యున్‌చింగ్ మూడు నెలలుగా అతన్ని అడగలేదు. ఇది ముందుగా గమనించింది అషియా పిన్ని. ఆ అంతస్తు ఊడ్చి తుడిచేది ఆమే.

"ఆ కుర్రాణ్ణి ఎందుకే అలా దూరం పెడతావు?" అంది ఒకనాడు, చీపురు మీద గడ్డం ఆనించి. "మొహం చూడు, మూడు రోజుల నాటి చద్దన్నంలా ఉంది."

"మీకు తెలీదు పిన్నీ. చూస్తూ ఉండండి."

"నాకు తెలీదులే. డాక్టరేట్లు మీవి. చెత్తబుట్టలే నావి. కానీ చెత్తబుట్ట చూస్తే మనిషి తెలుస్తాడు. వాడు అన్నం సగం పారేస్తున్నాడు."

పిన్నికి చీపురు కన్నా పెద్ద అధికారం మరొకటుంది. ఆ అంతస్తులో ప్రతి యంత్రం నెత్తినా కొబ్బరి రుచి మొక్కజొన్న తినుబండారం పొట్లం ఒకటుంటుంది. బుద్ధిగా మసలుకో అని దాని పేరుకర్థం. అది పైనుంటే యంత్రం మొరాయించదు. పొట్లం ఆకుపచ్చదే కావాలి. గడువు తారీకు దాటకూడదు. ఇది ఆ దేశమంతటా ఉన్న ఆచారమే. నాలుగో అంతస్తులో పిన్ని ఇంకో చట్టం చేర్చింది. గడువు రోజు వచ్చేదాకా పొట్లాన్ని ఎవరూ ముట్టకూడదు, కదిపితే యంత్రం అలుగుతుంది. జన్యువుల్ని కత్తిరించి అతికించే మహానుభావులంతా నవ్వుకుంటూనే ఆ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించేవారు. యున్‌చింగ్ ఇంక్యుబేటర్ మీది పొట్లానికి నల్ల మార్కరుతో పెద్దగా రాసి ఉంది, జూన్ 19 అని.

ఇక ఆమె పన్నిన వల సంగతి. రెండో ప్రయోగం నుంచి ప్లేటు మూత అంచున తన తల వెంట్రుక ఒకటి అతికించేది. ఎవరైనా మూత తీస్తే వెంట్రుక ఊడిపోతుంది. అది ఉందో లేదో చూడాలంటే ప్లేటు బయటికి తీసి వెలుతురులో పట్టుకోవాలి. పావుగంటకో అరగంటకో వెళ్ళి చూసొచ్చి నోటుబుక్కులో రాసుకునేది. 11.52, చూశాను, ఎవరూ లేరు. 12.15, చూశాను, వెంట్రుక ఉంది. వెంట్రుక ఎప్పుడూ అక్కడే ఉండేది. మహా తెలివైన దొంగ అనుకునేది.

పదో ప్రయోగం నాడు మధ్యాహ్నం కాపు కాసింది. భోజనాలయ్యాక ల్యాబ్‌లో దీపాలార్పేసి అందరూ బల్లల మీద తలలు వాల్చి గంటసేపు కునుకు తీస్తారు. ఆమె మోచేతి సందులోంచి ఒక కన్ను తెరిచి చూస్తోంది. చెంగ్‌యీ లేచాడు. చెప్పులు చప్పుడు కాకుండా ఇంక్యుబేటర్ దాకా నడిచాడు. తల పైకెత్తి ఆకుపచ్చ పొట్లం వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. చెయ్యి ఎత్తబోయి దించేసుకున్నాడు. రెండు చేతులూ జోడించి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. తలుపు తెరవలేదు. అయితేనేం, తను నిద్రపోలేదని గ్రహించి ఉంటాడు, అందుకే తెరవలేదు అని ఆమె తీర్మానించింది. కళ్ళకి పచ్చకామెర్లుంటే లోకమంతా పచ్చనే. అతను పడుకోగానే తను లేచి వెళ్ళి, తలుపు తీసి, ప్లేటు బయటికి తీసి వెంట్రుక చూసింది. ఆ ప్రయోగమూ చెడింది.

ఆ ఇంక్యుబేటర్ తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ యంత్రమే టైము రాసుకుంటుంది. యంత్రాల గది మనిషిని బతిమాలి యున్‌చింగ్ ఆ టైముల పట్టీ ప్రింటు తీయించింది. పది ప్రయోగాలు. ప్లేటు పెట్టినప్పుడు, తీసినప్పుడు కాక, మధ్యలో తలుపు తెరుచుకున్నది నలభై ఒక్కసారి. అదే పట్టీ జతచేసి, చెంగ్‌యీ మీద ఫిర్యాదు రాసి, బుధవారం పొద్దున్న వెంగ్ మేడం బల్ల మీద పెట్టింది.

మేడం రెండుసార్లు చదివింది. "అతను తెరుస్తుంటే చూశావా?"

"తలుపు ముందు చూశాను మేడం."

"తెరుస్తుంటే?"

"ఎవరూ తెరవకుండా నలభై ఒక్కసార్లు ఎలా తెరుచుకుంటుంది?"

మేడం కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "రాసిచ్చావు గనక నేను ఆఫీసుకి పంపక తప్పదు. అతనికి కూడా చూపించి సంతకం తీసుకోవాలి. ఈ నెలాఖరుకి అతని కాంట్రాక్టు ముగుస్తోంది, తిరిగి రాయాలి. ఈ కాగితం వెళ్ళాక ఎవరూ రాయరు. ఇంకే ల్యాబూ పిలవదు. తెలుసుగా?"

"తెలుసు," అంది యున్‌చింగ్. ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది.

మర్నాడు గురువారం, జూన్ పంతొమ్మిది. బయట ముసురు పట్టింది. పదకొండున్నరకి అషియా పిన్ని కొత్త పొట్లం చంకన పెట్టుకుని వచ్చింది.

"నా మోకాలు లేవనంటోంది. పొడుగుదానివి, నువ్వే పాతది దించు. రెండు చేతులతో తియ్యి, మర్యాదగా."

యున్‌చింగ్ స్టూలెక్కి పాత పొట్లం ఎత్తింది. కింద నాలుగు మడతలు పెట్టిన నీలం కాగితం ఉంది. దుమ్ములో దాని అచ్చు చతురస్రంగా పడి ఉంది. స్టూలు మీద నిలబడే విప్పింది.

"యున్‌చింగ్ అక్కా, ఈ మధ్యాహ్నం పన్నెండూ నలభైకి మీ ఇంక్యుబేటర్ నాదనుకుని తెరిచాను. నా చెయ్యి తగిలి మీ ప్లేటు కదిలింది. ఈ రోజు వచ్చే లెక్క నమ్మకండి, దయచేసి మళ్ళీ చెయ్యండి. మీరు థియేటర్‌లో ఉన్నారు గనక రాసి పెడుతున్నాను. మీరు తిట్టినా పడతాను. తూ చెంగ్‌యీ. మార్చి 6."

"ఎవడే ఆ వెధవ, పొట్లం కింద కాగితం పెట్టింది?" అంది పిన్ని కిందినుంచి. "అలా చేస్తే యంత్రం అలగదూ మరి?"

యున్‌చింగ్ స్టూలు దిగి తన బల్ల దగ్గరికి వెళ్ళి నోటుబుక్కు తెరిచింది. పక్కన ప్రింటు పట్టీ పరిచింది. పట్టీలో మొదటి టైము మార్చి ఆరు, 12.40. అది అతనిది, కాగితంలో ఉంది. రెండోది మార్చి పదమూడు, 11.52. నోటుబుక్కులో, 11.52, చూశాను, ఎవరూ లేరు. మూడోది 12.15. నోటుబుక్కులో 12.15. పెన్సిలు పెట్టి ఒక్కొక్కటే కొట్టుకుంటూ వెళ్ళింది. నలభైకి నలభై సరిపోయాయి. ఒక్క నిమిషం తేడా లేదు. రాతలో ఆమెది ఎప్పుడూ జాగ్రత్తే.

కంచే చేను మేసింది. ఇంక్యుబేటర్ తలుపు మీద 'ప్లేటు కదపరాదు' అని పెద్ద అక్షరాలతో అంటించింది కూడా తనే. కాపలా ఉన్నవాడు తీస్తే తీసినట్టు కాదని ఎప్పుడనుకుందో, ఎందుకనుకుందో ఆమెకే తెలియలేదు. సిగ్గేసింది. అంతకు మించి భయం వేసింది. ఆ కాగితం నిన్ననే ఆఫీసుకి వెళ్ళిపోయింది.

దీపాలార్పేశారు. అందరూ తలలు వాల్చారు. చెంగ్‌యీ బల్ల దగ్గర యున్‌చింగ్ వంగి, "లే," అంది మెల్లగా. "బయటికి రా."

నడవాలో కిటికీ పక్కన నిలబడ్డారు. ఆమె నీలం కాగితం చూపించింది. అతను దానికేసి చూసి, ఆమెకేసి చూశాడు.

"ఇప్పుడా అక్కా చూడడం?"

"పొట్లం కింద ఎవరైనా పెడతారా? గడువు దాకా ఇక్కడ దాన్ని ఎవరూ ముట్టరు."

"మా పాత ల్యాబ్‌లో యంత్రానికి సంబంధించిన చీటీలన్నీ దాని కిందే పెడతాం. పొద్దున్నే అందరూ అదే ఎత్తి చూస్తారు. పిన్ని చట్టం నాకు తరవాతి వారం తెలిసింది. అప్పటికి మీరు చదివేశారనుకున్నాను."

"ఎందుకనుకున్నావు?"

"ఆ సాయంత్రం నుంచే మీరు నాతో మాట్లాడడం మానేశారుగా." అతను మెడ రుద్దుకున్నాడు. "చదివి, కోపమొచ్చి మానేశారనుకున్నాను. తిట్టినా బాగుండేది. మొన్న ఒకసారి ఎత్తి చూద్దామనుకున్నాను గాని ధైర్యం చాల్లేదు. అసలే మీ ప్రయోగాలు చెడిపోతున్నాయి, పొట్లం కూడా కదిపానంటే ఇంకేమైనా ఉందా?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగేసింది. "నేను నీ మీద ఫిర్యాదు ఇచ్చాను."

"తెలుసు. మేడం నిన్న చూపించారు. సంతకం పెట్టాను."

"ఎందుకు పెట్టావు? నలభై ఒక్కసార్లని ఉంది అందులో. చదవలేదా?"

"చదివాను. అన్నిసార్లు కాదని అందామనుకున్నా. కానీ మీ ఇంక్యుబేటర్ తెరిచావా అంటే తెరిచాను గదా. ఒకసారి తెరిచినవాడు, నలభైసార్లు తెరవలేదంటే ఎవరు నమ్ముతారు?"

ముసురు హోరు వినిపిస్తోంది. యున్‌చింగ్ నీలం కాగితం మడతపెట్టి, "మిగతా నలభై నావి," అంది. "నిన్ను పట్టుకోవాలని తెరిచాను. తెరిచి, ప్లేటు బయటికి తీసి చూశాను. ప్రతిసారీ."

చెంగ్‌యీ "ప్లేటు బయటికా?" అన్నాడు, నమ్మలేనట్టు. అంతలోనే పరిశోధకుడి బుర్ర పనిచేసింది. "అయితే మందు మంచిదే అయ్యుండొచ్చు అక్కా."

ఒంటిగంటన్నరకి ఆమె కొత్త ప్లేటు సిద్ధం చేసింది. పైన టీ కణాలు, కింద పన్నెండు, సగం గుంటల్లో మందు. వెంట్రుక అతికించలేదు. రెండు చేతులతో ఇంక్యుబేటర్‌లో పెట్టి తలుపు మూసి, చెంగ్‌యీని దాని ముందు కుర్చీలో కూర్చోబెట్టింది.

"రెండు గంటలు. ఎవరూ తెరవకూడదు. ముఖ్యంగా నేను."

"మీరెక్కడికి?"

"ఇక్కడుంటే నా చెయ్యి ఊరుకోదు," అని గొడుగు తీసుకుంది.

సిబ్బంది వ్యవహారాల ఆఫీసు రెండు వీధుల అవతల. అక్కడ టోకెన్ తీసుకుని కూర్చుంటే గాని పిలవరు. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని గంటన్నర కూర్చుంది. వాచీ చూసుకున్న ప్రతిసారీ ఆ తలుపే గుర్తొచ్చింది. వేళ్ళు నొక్కిపట్టుకుంది. ఆఖరికి కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన పిలిచాడు. ఫైలు తీసి, ఆమె చెప్పింది విన్నాడు, నోటుబుక్కు చూశాడు, పట్టీ చూశాడు, నీలం కాగితం చూశాడు.

"అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నారు."

"లేదండీ. ఫిర్యాదు నిజమే. పేరు ఒక్కటే మార్చాలి."

"ఎవరి పేరు రాయమంటారు?"

ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీసి గాజు కిందినుంచి లోపలికి జరిపింది. ఆయన కార్డు మీది ఫొటో చూసి, మనిషిని చూశాడు.

"ముప్పై ఏళ్ళయింది నేనిక్కడ కూర్చుని. దీనికి ఫారం లేదమ్మా."

"ఉన్న ఫారంలోనే రాయండి."

"మీ ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చు. అతని కాంట్రాక్టు తిరిగి రాస్తారని కూడా నేను మాటివ్వలేను."

"రాయండి," అంది.

ఆయన నిట్టూర్చి, తూ చెంగ్‌యీ అన్న చోట అడ్డగీత కొట్టి, పైన ఆమె పేరు రాసి, ముద్ర వేశాడు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. చెంగ్‌యీ మెసేజ్.

"అక్కా, రెండు గంటల ఐదు నిమిషాలైంది. నేను తలుపు ముట్టలేదు. ఎక్కువసేపుంటే లెక్క పాడవుతుంది. మీరు వస్తున్నారా?"

"నువ్వే తెరువు," అని కొట్టింది. "లెక్క కూడా నువ్వే పెట్టు."

ఆఫీసు మెట్ల మీద చూరు కింద నిలబడి ఎదురుచూసింది. వాన తగ్గింది గాని ఆమె కదల్లేదు. అరగంటకి రెండో మెసేజ్ వచ్చింది. మందు లేని గుంటల్లో కణాలు దిగాయి, మందున్న గుంటల్లో ఆగిపోయాయి. కింద గుంట గుంటకీ అంకెలు. వాటి కింద ఇంకో మాట. "అక్కా, నేను పెట్టిన లెక్క కదా. మీరొచ్చి మళ్ళీ లెక్కపెట్టేదాకా ఎవరికీ చెప్పను."

యున్‌చింగ్ కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరం కొట్టింది.

"రేపు మీటింగులో నీ లెక్కే చదువుతాను. తిన్నావా?"